ర్యాలీ కారుకు ఏ ట్రిప్ మీటర్? చక్రం సెన్సర్, జీపీఎస్, ఫోన్ యాప్‌ల మధ్య ఎంపిక

టీఎస్‌డీ ర్యాలీలో, అంటే ఇచ్చిన దూరాన్ని ఇచ్చిన సగటు వేగంతో ఇచ్చిన సమయానికి దాటవలసిన పోటీలో, కారు ఇంజను ఎంత బలమైనదన్నది పెద్దగా లెక్కలోకి రాదు. అక్కడ గెలుపోటములు నావిగేటర్ (డ్రైవరు పక్కన కూర్చుని దారి, సమయం చూసేవారు) ఒళ్లో ఉన్న రోడ్ బుక్ (మలుపులు, వాటి దూరాలు రాసిన పుస్తకం) మీద, ఎదురుగా డ్యాష్‌బోర్డుకు బిగించిన, నడిచిన దూరం చూపే ట్రిప్ మీటర్ మీద ఆధారపడి ఉంటాయి. గంటకు 36 కిలోమీటర్ల సగటు అడిగిన చోట కారు సెకనుకు సరిగ్గా 10 మీటర్లు నడవాలి. దూరం లెక్క 100 మీటర్లు తప్పితే సమయం లెక్క 10 సెకన్లు తప్పుతుంది. సెకనుకో పాయింటు చొప్పున పెనాల్టీ పడే పోటీలో, దాచిపెట్టిన నాలుగైదు టైమ్ కంట్రోళ్ల (కారు వచ్చిన సమయాన్ని నమోదు చేసే చోట్ల) దగ్గర ఇదే తప్పు మళ్లీ మళ్లీ జరిగితే ఆ రోజు ఫలితం అక్కడే తేలిపోతుంది.

ఈ పనికి ఇప్పుడు మన ముందు ఐదారు మార్గాలున్నాయి. కారులో ముందే ఉన్న ఓడోమీటరు, ఫోన్ యాప్, జీపీఎస్ ట్రిప్ మీటర్, చక్రం దగ్గర ప్రోబ్ (తిరుగుడును పసిగట్టే సెన్సర్) బిగించే ట్రిప్ మీటర్, సగటు వేగాన్ని కూడా తానే లెక్కగట్టే పూర్తి ర్యాలీ కంప్యూటర్, పాతకాలపు కార్ల కోసం హాల్డా వంటి యాంత్రిక పరికరాలు. వీటిలో దేనికి డబ్బు పెట్టాలో తేల్చుకోలేనివారి కోసం ఈ పోలిక.

## కొనే ముందు చూడవలసినవి

చాలామంది మొదట అడిగేది "ఏది అన్నిటికంటే కచ్చితమైనది?" అని. ఆ ప్రశ్న మనల్ని కొంత పక్కదారి పట్టిస్తుంది. రోడ్ బుక్‌లో అచ్చయిన దూరాలు సర్వేవాళ్లు గొలుసు పట్టి కొలిచినవి కావు. నిర్వాహకులు తమ కారులో, తమ టైర్ల మీద, తమ ట్రిప్ మీటర్‌తో కొలిచి రాసుకున్నవి. ఆ కొలత అసలు కిలోమీటరుకు ఒక శాతం అటూ ఇటూ ఉన్నా పోటీకి ప్రమాణం అదే. దర్జీ కొలత తీసుకున్న టేపుతోనే గుడ్డ కత్తిరిస్తే, ఆ టేపు అర అంగుళం సాగిపోయి ఉన్నా చొక్కా ఒంటికి సరిపోతుంది; కొలత ఒక టేపుతో, కోత ఇంకో టేపుతో జరిగినప్పుడే చిక్కు. ట్రిప్ మీటర్ చేయవలసిన పని నిర్వాహకుల టేపుతో మన టేపును కలపడమే. కాబట్టి ఏ పరికరాన్నైనా మొదట పరీక్షించవలసింది, రోడ్ బుక్ దూరంతో దాన్ని ఎంత త్వరగా, ఎంత తేలికగా సరిపెట్టగలమన్న విషయంలో.

రెండవది నిలకడ. ఒకే దారిలో రెండుసార్లు వెళ్తే రెండుసార్లూ ఒకే అంకె రావాలి. ఎప్పుడూ రెండు శాతం ఎక్కువే చూపే పరికరాన్ని ఒక్క గుణకంతో సరిదిద్దవచ్చు. ఒకసారి అర శాతం ఎక్కువ, మరోసారి ఒక శాతం తక్కువ చూపే పరికరాన్ని ఏ గుణకమూ బాగుచేయలేదు. కేటలాగుల్లో కనిపించే "కచ్చితత్వం" అంకెల కంటే ఈ నిలకడకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

మూడవది తెర, మీటలు. 10 మీటర్ల వరకైనా, అంటే దశాంశం తర్వాత రెండు స్థానాల వరకైనా చూపాలి. మొత్తం దూరం, గత మలుపు నుంచి నడిచిన దూరం వేర్వేరుగా రెండు లెక్కలు కనపడాలి. ఒకదాన్ని సున్నా చేస్తే రెండవది కదలకూడదు. కారు గుంతలో పడి ఎగిరే క్షణంలో కూడా వేలు సరైన మీట మీదే పడేలా మీటలు ఉండాలి. మిట్టమధ్యాహ్నపు ఎండలో అంకెలు చదవగలగాలి, రాత్రి పూట వాటి వెలుగు డ్రైవరు కళ్లలో పడకూడదు.

నాలుగవది నడుస్తుండగానే దిద్దుకునే వీలు. దారి తప్పి వెనక్కి తిరిగినప్పుడు లెక్కను తగ్గించగలగాలి, ఒక మలుపు దగ్గర అంకెను కాసేపు నిలిపి చూసుకోగలగాలి, పది మీటర్ల చొప్పున కలపడం, తీసేయడం చేతనవ్వాలి. ఇవి లేని పరికరం ఎంత ఖరీదైనదైనా ర్యాలీకి పనికిరాదు.

మిగిలిన రెండూ కొన్న తర్వాత గుర్తుకొచ్చి బాధపెట్టే విషయాలు: మీ కారుకు అది బిగుస్తుందా, మీరు వెళ్లబోయే పోటీ నియమాలు దాన్ని అనుమతిస్తాయా.

## ఒక్క చూపులో

| మార్గం | దూరం ఎక్కడి నుంచి | మేలు | లోపం |
|---|---|---|---|
| కారు ఓడోమీటరు | గేర్‌బాక్సు లేదా ఏబీఎస్ (చక్రాలు బిగుసుకోకుండా చూసే బ్రేకు వ్యవస్థ) సంకేతం | ఖర్చు లేదు | 100 మీటర్ల కంటే చిన్న దూరం చూపదు, గుణకం మార్చలేము |
| ఫోన్ యాప్ | ఫోన్‌లోని జీపీఎస్ | బిగింపు పని లేదు, చవక | వేడి, ఫోన్ కాల్స్, తాకుతెర |
| జీపీఎస్ ట్రిప్ మీటర్ | విడి యాంటెన్నా | ఏ కారులోకైనా మార్చుకోవచ్చు, టైరుతో సంబంధం లేదు | సొరంగాలు, దట్టమైన చెట్లు, నిటారు ఎత్తులు |
| చక్రం ప్రోబ్ ట్రిప్ మీటర్ | చక్రం లేదా షాఫ్టు తిరుగుడు | నిలకడ, తక్షణ స్పందన | బిగింపు పని, చక్రం జారడం, టైరు మార్పులు |
| పూర్తి ర్యాలీ కంప్యూటర్ | చక్రం లేదా జీపీఎస్ | ముందున్నామో వెనకున్నామో సెకన్లలో చూపుతుంది | ఖరీదు, నేర్చుకునే కాలం, కొన్ని తరగతుల్లో నిషేధం |
| హాల్డా వంటి యాంత్రిక పరికరం | స్పీడోమీటర్ కేబుల్ | పాత కార్ల పోటీలకు తగినది | గుణకం మార్చాలంటే పళ్లచక్రాలు మార్చాలి |

## కారు ఓడోమీటరు

దీని గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. 100 మీటర్ల కంటే చిన్న దూరం చూపనప్పుడు, 36 కిలోమీటర్ల సగటు దగ్గర 10 సెకన్ల అనిశ్చితి ఎప్పుడూ వెంట ఉంటుంది. మొదటిసారి సరదాగా పాల్గొనేవారు దీనితో, ఒక క్యాలిక్యులేటర్‌తో, ముందే వేసుకున్న వేగ-సమయ పట్టికతో ర్యాలీ ముగించవచ్చు. గెలవాలన్న కోరిక ఉంటే మాత్రం ఇది చాలదు.

## ఫోన్ యాప్

కొత్తగా దిగేవారికి ఇదే సరైన తొలి మెట్టు అన్నది నా అభిప్రాయం. ట్రిప్ మీటర్ మీద డబ్బు పెట్టే ముందు, అసలు ఆ పరికరంతో నావిగేటర్ ఏం చేస్తారో రెండు మూడు పోటీల్లో తెలుసుకోవడానికి యాప్ చాలు. రెండు లెక్కలు, కలపడం-తీసేయడం మీటలు, గుణకం మార్చే చోటు ఉన్న యాప్‌నే ఎంచుకోండి. దూరం, వేగం మాత్రమే చూపేవి సైకిల్ ప్రయాణాలకు సరిపోతాయి.

సాధారణంగా ఫోన్‌లోని జీపీఎస్ సెకనుకు ఒకసారి మాత్రమే స్థానం చెబుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఒక సెకనులో కారు దాదాపు 17 మీటర్లు పోతుంది కనుక, మలుపు దగ్గర మీరు మీట నొక్కిన క్షణానికి తెరమీద ఉన్న అంకె కొన్ని మీటర్లు పాతది అయి ఉండవచ్చు. సెకనుకు 10 సార్లు స్థానం చెప్పే బయటి రిసీవరును బ్లూటూత్‌తో కలిపితే ఈ లోపం చాలావరకు పోతుంది. మే నెల ఎండలో అద్దం దగ్గర పెట్టిన ఫోను వేడెక్కి తెర వెలుగు తగ్గించుకోవడం, సరిగ్గా టైమ్ కంట్రోల్ ముందు ఎవరో ఫోన్ చేయడం, అదిరే కారులో తాకుతెర మీద వేలు పక్కకు పడటం మాత్రం రిసీవరుతో పోయే బాధలు కావు. పాత ఫోనును సిమ్ లేకుండా దీనికే కేటాయించి, ఏసీ గాలి తగిలే చోట బిగిస్తే సగం తలనొప్పులు తగ్గుతాయి.

## జీపీఎస్ ట్రిప్ మీటర్

దీని ఆకర్షణ స్పష్టమైనదే. అద్దె కారైనా, స్నేహితుడి కారైనా, వారంటీలో ఉన్న కొత్త కారైనా యాంటెన్నా పైకప్పు మీద పెట్టి, కరెంటు తీగ కలిపితే సరిపోతుంది. టైరు అరిగినా, గాలి తగ్గినా, చక్రం బురదలో జారినా లెక్క మారదు.

ఘాట్ రోడ్లలో జీపీఎస్ మలుపులను అడ్డంగా కోస్తుందని, అందువల్ల దూరం బాగా తక్కువ చూపుతుందని చాలామంది చెబుతారు. లెక్క వేసి చూస్తే ఆ భయం కొంత అతిశయమే. 10 మీటర్ల వ్యాసార్ధమున్న హెయిర్‌పిన్ మలుపును గంటకు 25 కిలోమీటర్లతో తిరిగితే, సెకనుకు ఒక్కసారే స్థానం తీసుకునే పరికరం కూడా పోగొట్టేది మీటరు లోపే. అలాంటివి 40 మలుపులు వచ్చినా 25 మీటర్ల దగ్గర ఆగుతుంది. సెకనుకు 10 సార్లు తీసుకునే పరికరంలో అది కూడా ఉండదు. దీనికంటే ఎత్తు వల్ల పోయేదే ఎక్కువ కావచ్చు. సమతలం మీది దూరాన్ని మాత్రమే కొలిచే పరికరం 10 శాతం వాలులో ప్రతి 10 కిలోమీటర్లకు సుమారు 50 మీటర్లు తక్కువ చూపుతుంది. శ్రీశైలం దారిలో నల్లమల అడవి వంటి చోట్ల చెట్ల గొడుగు కింద సంకేతం బలహీనపడి స్థానం అటూ ఇటూ ఊగడం ఇంకో సమస్య. ఈ ఊగిసలాటకు నిలకడ ఉండదు కనుక గుణకంతో దిద్దలేము.

సొరంగాల్లో సంకేతం పూర్తిగా పోతుంది. హిమాచల్‌లో మనాలి నుంచి లాహౌల్ వైపు వెళ్లే అటల్ సొరంగం 9.02 కిలోమీటర్ల పొడవు. అందులో జీపీఎస్ ఒక్కదాన్నే నమ్ముకున్న నావిగేటర్ బయటికి వచ్చాక రోడ్ బుక్ చూసి లెక్కను చేత్తో నింపుకోవాల్సిందే. కారు నిలబడి ఉన్నప్పుడు కూడా కొన్ని పరికరాలు నెమ్మదిగా మీటర్లు కలుపుకుంటూ పోతాయి. టైమ్ కంట్రోల్ ముందు పది నిమిషాలు ఆగినప్పుడు ఇది బయటపడుతుంది. కొనే ముందు ఇంటి ముందు అరగంట ఆన్ చేసి ఉంచి చూడటం మంచిది.

## చక్రం ప్రోబ్ ట్రిప్ మీటర్

బ్రిటన్‌లో తయారయ్యే టెర్రాట్రిప్ 202, బ్రాంట్జ్ ఇంటర్నేషనల్ 2 ఈ కోవలో ప్రపంచమంతటా కనిపించే పేర్లు. రెండింటిలోనూ రెండు దూర లెక్కలు ఉంటాయి. లోపల జరిగేది సరళమైన పని: చక్రంతోపాటు తిరిగే బోల్టు తల ప్రోబ్ ముందు నుంచి దాటిన ప్రతిసారీ ఒక పల్స్ పుడుతుంది, కిలోమీటరుకు ఎన్ని పల్స్‌లో పరికరానికి తెలిస్తే మిగిలినది భాగహారమే. చుట్టుకొలత 1.99 మీటర్లున్న చక్రానికి నాలుగు బోల్టులుంటే కిలోమీటరుకు సుమారు 2010 పల్స్‌లు వస్తాయి, అంటే అర మీటరుకు ఒకటి. ఏ ఉపగ్రహం కోసమూ ఎదురుచూడనక్కర్లేదు, మీట నొక్కిన క్షణంలో ఉన్న అంకె ఆ క్షణానిదే.

కష్టమంతా బిగింపులో ఉంది. ఇంజను తిప్పే చక్రానికి ప్రోబ్ పెడితే మట్టి దారిలో చక్రం జారిన ప్రతిసారీ కారు నడవని దూరం లెక్కలో చేరుతుంది. ఇంజనుతో సంబంధం లేని చక్రానికి పెడితే గట్టి బ్రేకు వేసి చక్రం బిగుసుకున్నప్పుడు నడిచిన దూరం కొంత పోతుంది. రెండో నష్టమే చిన్నది. అందుకే ఇంజను ముందు చక్రాలను తిప్పే మన చిన్న కార్లలో వెనక చక్రమే మంచిది. వెనక డ్రమ్ బ్రేకులుంటే ప్రోబ్‌కు ఎదురుగా బోల్టు తలలు దొరకవు; రిమ్ము లోపలి అంచుకు అయస్కాంతాలు అతికించి, వాటిని పసిగట్టే హాల్ సెన్సర్ వాడటం ఒక దారి. ఇంజను నాలుగు చక్రాలనూ తిప్పే కారులో ఈ ఎంపిక ఉండదు కనుక జారుడును భరించక తప్పదు.

స్పీడోమీటర్ కేబుల్ ఉన్న పాత కార్లలో ఆ కేబుల్ మధ్యలో సెన్సర్ పెట్టడం అన్నిటికంటే సులువు. కొత్త కార్లలో కేబుల్ లేదు. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కార్లకు ఏబీఎస్ తప్పనిసరి అయ్యాక చాలా కార్లలో వేగం సమాచారం ఏబీఎస్ సెన్సర్ల నుంచి డేటా లైన్ మీదుగా మీటరుకు చేరుతోంది. పల్స్ తీసుకునే విడి తీగ దొరకదు. ఏబీఎస్ సెన్సర్ తీగను తెంచి కలపమని ఏ మెకానిక్ చెప్పినా ఒప్పుకోకండి. అది బ్రేకులతో ఆట. విడి ప్రోబ్ బిగించండి, లేకపోతే జీపీఎస్‌తో సరిపెట్టుకోండి.

ప్రోబ్‌కూ బోల్టుకూ మధ్య ఖాళీ పరికరంతో వచ్చిన సూచనల్లో చెప్పినంతే ఉండాలి. సాధారణంగా అది కొద్ది మిల్లీమీటర్లే. ఎక్కువైతే కొన్ని పల్స్‌లు తప్పుతాయి, తక్కువైతే బేరింగు ఆట వల్ల ఒకరోజు తగిలి విరుగుతుంది. తీగను ఇగ్నిషన్ కాయిల్ దగ్గర నుంచి లాగితే ఇంజను స్పార్కులు కూడా పల్స్‌లుగా లెక్కకొస్తాయి. కారు నిలబెట్టి ఇంజను రేసు చేసినప్పుడు అంకె కదిలితే దోషం ఇదేనని తెలుసుకోండి.

టెర్రాట్రిప్‌లో జీపీఎస్, చక్రం ప్రోబ్ రెండూ కలుపుకోగల జియోట్రిప్ రకం కూడా వచ్చింది. తరచుగా పాల్గొనేవారికి నేను సూచించేది ఈ రెండు కాళ్ల పరికరాన్నే. చక్రం మీద నడుపుతూ, ప్రోబ్ తెగినప్పుడో టైరు మార్చవలసి వచ్చినప్పుడో జీపీఎస్‌కు మారవచ్చు.

## పూర్తి ర్యాలీ కంప్యూటర్

దూరం మాత్రమే చూపే పరికరంతో సమయం లెక్క నావిగేటరే వేయాలి. గంటకు 42 కిలోమీటర్ల సగటుతో 4.35 కిలోమీటర్లకు 6 నిమిషాల 12.9 సెకన్లు అని పట్టిక చూసో, క్యాలిక్యులేటర్ నొక్కో చెప్పి, గడియారంతో పోల్చి, "మూడు సెకన్లు వెనకున్నాం" అని డ్రైవరుకు చెప్పేసరికి కారు ఇంకో 30 మీటర్లు పోయి ఉంటుంది. ఒకప్పుడు ఈ పనికి లీక్టెన్‌స్టైన్‌లో తయారైన కర్టా అనే చేతిలో పట్టే యాంత్రిక గణకాన్ని వాడేవారు. తిరగలి పిడిలాంటి దాని పిడిని తిప్పుతూ లెక్క వేసే నావిగేటర్లు ఎలక్ట్రానిక్ క్యాలిక్యులేటర్లు వచ్చాక కూడా దాన్ని వదల్లేదు.

అమెరికాలో తయారైన టైమ్‌వైజ్ వంటి కంప్యూటర్లు ఈ లెక్కంతా తామే వేసి, ఎన్ని సెకన్లు ముందో వెనకో నిరంతరం చూపుతాయి. టెర్రాట్రిప్ 303 దూరంతోపాటు సమయం, వేగం, సగటు వేగం కూడా చూపుతుంది. వీటి వల్ల నావిగేటర్ తల రోడ్ బుక్ మీదే నిలుస్తుంది. కానీ సగటు వేగం మారే స్థలాన్ని తప్పుగా నమోదు చేస్తే కంప్యూటర్ ఎంతో నమ్మకంగా తప్పు సెకన్లు చూపుతుంది. చేతి లెక్క రానివారికి ఆ తప్పు కనిపించదు కూడా. అందుకని కనీసం ఒక సీజన్ చేతి లెక్కతో గడిపాకే దీనికి వెళ్లడం మేలు.

## హాల్డా

స్వీడన్‌కు చెందిన హాల్డా పరికరాలు 1960లలో ర్యాలీ కార్ల గుర్తుగా ఉండేవి. ట్విన్‌మాస్టర్‌లో రెండు దూర లెక్కలు, స్పీడ్‌పైలట్‌లో అమర్చిన సగటుకు ముందున్నామో వెనకున్నామో చూపే ముళ్లు. ట్విన్‌మాస్టర్‌లో క్యాలిబ్రేషన్ (దూరం లెక్కను సరిపెట్టే అమరిక) మార్చాలంటే లోపలి చిన్న పళ్లచక్రాల జతను మార్చాలి. పాత కార్ల రెగ్యులారిటీ (ఇచ్చిన సగటు వేగం నిలబెట్టుకునే) పోటీల్లో ఎలక్ట్రానిక్ పరికరాలను నిషేధించే చోట తప్ప దీన్ని కొనడానికి కారణం లేదు, కారు అందం కోసమైతే తప్ప.

## క్యాలిబ్రేషన్: అసలు తేడా తేలేది ఇక్కడే

ఇంటి దగ్గర ఒకసారి, ర్యాలీ ప్రారంభంలో ఒకసారి, రెండు దశల్లో చేయాలి. ఇంటి దగ్గర చేసేది పరికరం నిలకడను పరీక్షించడానికి. ప్రారంభంలో చేసేది నిర్వాహకుల కొలతతో కలపడానికి.

ర్యాలీలో వాడబోయే టైర్లే ఉండాలి. 195/65 ఆర్15 టైరు కొత్తగా ఉన్నప్పుడు వ్యాసం సుమారు 634 మిల్లీమీటర్లు; ట్రెడ్ (టైరు గాడుల లోతు) 8 మిల్లీమీటర్ల నుంచి 2 మిల్లీమీటర్లకు అరిగితే వ్యాసం 12 మిల్లీమీటర్లు తగ్గుతుంది, అంటే దాదాపు 1.9 శాతం. నూరు కిలోమీటర్లకు అది రెండు కిలోమీటర్లకు దగ్గర పడుతుంది. గాలి ఒత్తిడి, కారులో ఇద్దరి బరువు, ఇంధనం కూడా పోటీ రోజున ఉండబోయేంతే ఉండాలి. టైర్లు వేడెక్కేదాకా పది పదిహేను కిలోమీటర్లు నడిపాకే కొలత మొదలుపెట్టండి.

కొలత కోసం ఒక్క కిలోమీటరు చాలదు. తెర 10 మీటర్ల మెట్టుతో చూపుతున్నప్పుడు ఒక కిలోమీటరు మీద అదే ఒక శాతం అనిశ్చితి. 10 కిలోమీటర్ల మీద అది పదో వంతుకు తగ్గుతుంది. జాతీయ రహదారుల కిలోమీటరు రాళ్లు, 200 మీటర్ల రాళ్లు ఉపయోగపడతాయి కానీ రోడ్డు వెడల్పు చేసిన చోట, బైపాస్ కలిసిన చోట వాటి మధ్య దూరం మారిపోయి ఉండవచ్చు. వరుస రాళ్లన్నిటి దగ్గరా అంకె రాసుకుంటే, ఏ రాయి పక్కకు జరిగిందో మీ కాగితమే చెబుతుంది. ప్రతి గుర్తు దగ్గరా ఒకే పద్ధతి పాటించాలి: గుర్తు నావిగేటర్ భుజానికి సూటిగా వచ్చినప్పుడే మీట నొక్కడం చాలామంది అలవాటు.

గుణకం లెక్కలో ఎక్కువమంది తడబడేది దిశ దగ్గర. ర్యాలీ ప్రారంభంలోని ఓడో చెక్‌లో (నిర్వాహకుల దూరంతో ట్రిప్ మీటరును సరిచూసుకునే భాగంలో) రోడ్ బుక్ 12.40 అంటోంది, మన తెర 12.15 చూపుతోంది అనుకుందాం. పరికరంలోని గుణకం కిలోమీటరుకు పల్స్‌ల సంఖ్య అయితే, మనం తక్కువ చూపుతున్నాం కనుక ఆ సంఖ్యను తగ్గించాలి: 2010ని 12.15తో గుణించి 12.40తో భాగిస్తే 1969 వస్తుంది. గుణకం ఒక్కో పల్స్‌కు దూరం అయితే లెక్క తిరగబడుతుంది; దాన్ని 12.40తో గుణించి 12.15తో భాగించి పెంచాలి. మీ పరికరం ఏ రకమో ఒక ముక్క కాగితం మీద రాసి దాని పక్కనే అతికించండి, ఉదయం ఆరు గంటలకు ప్రారంభ రేఖ దగ్గర ఇలాంటివి గుర్తుకు రావు. గుణకం మార్చినప్పుడు అప్పటిదాకా నడిచిన దూరాన్ని కూడా పరికరం తిరిగి లెక్కిస్తుందా, లేక అక్కడి నుంచి మాత్రమే కొత్త గుణకం వర్తిస్తుందా అన్నది పరికరాన్ని బట్టి మారుతుంది. ముందే ప్రయత్నించి తెలుసుకోవాలి.

ర్యాలీ నడుస్తుండగా తేడా కనిపిస్తే గుణకం మీద చేయి వేసే ముందు తేడా స్వభావం చూడండి. 10వ కిలోమీటరు దగ్గర 30 మీటర్లు, 20వ దగ్గర 60, 30వ దగ్గర 90 అంటూ దూరంతోపాటు పెరుగుతుంటే తప్పు గుణకానిది. 10వ దగ్గర ఏమీ లేక, 14వ దగ్గర 80 మీటర్లు కనిపించి, 30వ దగ్గర కూడా అదే 80 ఉంటే గుణకం సరైనదే. ఎక్కడో మలుపు దాటిపోయి వెనక్కి వచ్చారు, లేదా చక్రం ఒకసారి జారింది. దాన్ని కలపడం-తీసేయడం మీటతో సరిచేసి ముందుకు పోవాలి. ఈ రెండో సందర్భంలో గుణకం మార్చినవారు తర్వాతి ప్రతి మలుపు దగ్గరా కొత్త తప్పును మూటగట్టుకుంటారు. వెనక్కి తిరిగినప్పుడు ఒక్క ప్రోబుకు గాని, జీపీఎస్‌కు గాని మీరు తప్పిన దారిలో తిరిగి వస్తున్నారని తెలియదు. అవి దూరాన్ని కలుపుతూనే పోతాయి. లెక్కను వెనక్కి నడిపే మీటను వేయడం, మళ్లీ మలుపు దగ్గరికి రాగానే తీయడం నావిగేటర్ పనే.

## ఎవరికి ఏది

సంవత్సరానికి ఒకటి రెండు టీఎస్‌డీ ర్యాలీలు చేసేవారు, అదీ రోజూ నడిపే కారుతో చేసేవారు, ఫోన్ యాప్, బయటి రిసీవరుతో మొదలుపెట్టి, ఆసక్తి నిలిస్తే జీపీఎస్ ట్రిప్ మీటరుకు మారడం మంచిది. కారు తరచూ మార్చేవారికి కూడా అంతే.

సీజన్ మొత్తం పోటీపడేవారికి చక్రం ప్రోబ్, జీపీఎస్ రెండూ ఉన్న రెండు తెరల పరికరం. దిగుమతి సరుకు కాబట్టి కొనేటప్పుడే ఒక ప్రోబ్, ఒక తీగ, ఫ్యూజులు అదనంగా తెప్పించుకోండి. మధ్యలో ప్రోబ్ విరిగితే పక్క ఊళ్లో దొరకదు.

స్పెషల్ స్టేజ్ ర్యాలీల్లో (మూసివేసిన దారుల్లో ఎవరు వేగంగా వెళ్తారో తేల్చే పోటీల్లో) కో-డ్రైవరుగా కూర్చునేవారి అవసరం వేరు. స్టేజీలో వారు చదివేది పేస్ నోట్స్, అంటే ముందున్న మలుపుల వివరాలు రాసుకున్న కాగితాలు. దూరం మీద ఆధారపడేది లయ తప్పినప్పుడు ఎక్కడున్నామో తేల్చుకోవడానికి, స్టేజీల మధ్య లైజన్ దారిలో సమయం చూసుకోవడానికి. వారికి దెబ్బలకు తట్టుకునే, పెద్ద అంకెలున్న, సున్నా చేసే మీట చేతికి అందే సాధారణ ట్రిప్ మీటర్ చాలు. సెకన్ల లెక్క వేసే కంప్యూటర్ వృథా.

అమెరికాలో ఉన్న మనవారు ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) రోడ్ ర్యాలీలకు వెళ్లేటట్లయితే ముందు తరగతుల నియమాలు చదవాలి. అక్కడ వాడే పరికరాలను బట్టే ఈక్విప్డ్, లిమిటెడ్, స్టాక్ తరగతులు విడిపోతాయి. ఖరీదైన కంప్యూటర్ బిగించుకోవడమంటే ఏళ్ల అనుభవమున్నవారితో అదే తరగతిలో తలపడటం. మన దేశంలోనూ ప్రతి ర్యాలీకి విడిగా వచ్చే అదనపు నియమావళిలో పరికరాల గురించి ఏముందో చూడకుండా డబ్బు కట్టకండి.

వాడిన పరికరం కొనేవారు ఇంకో మూడు సంగతులు చూసుకోవాలి. ఇంజను స్టార్ట్ చేసేటప్పుడు బ్యాటరీ వోల్టేజి పడిపోగానే లెక్క సున్నా అవుతుందా అన్నది మొదటిది. సున్నా మీటను యాభై సార్లు నొక్కితే యాభై సార్లూ పనిచేస్తుందా అన్నది రెండవది. అన్నిటికంటే ముందు అరిగేది అదే. మూడవది అమ్మేవాడి దగ్గర సూచనల పుస్తకం ఉందా లేదా. అది లేకపోతే గుణకం ఏ దిశలో పనిచేస్తుందో తెలుసుకోవడానికి మీరే ఒక ఆదివారం రోడ్డు మీద గడపాలి, ధర బేరమాడేటప్పుడు ఆ రోజును కూడా లెక్కలో వేసుకోండి.